కళాపాఠశాల ఆఫీసులో పనిచేసేవారికి బట్టీ ఎంతసేపట్లో చల్లారుతుందో తెలియాలి

సంపాదకులకు,

కళాపాఠశాలల్లో మేనేజ్‌మెంట్ అసిస్టెంట్ ఉద్యోగానికి వచ్చే ప్రకటనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. టైపింగ్ రావాలి, ఎక్సెల్ తెలియాలి, ఫోన్‌లో మర్యాదగా మాట్లాడాలి, ఫైళ్లు సర్దగలగాలి. ఇవి అక్కర్లేదని మేము అనడం లేదు. అయితే ఏ ఆఫీసుకైనా సరిపోయే ఈ జాబితా చూసి మనిషిని తీసుకుని, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, నాట్యం, నాటకం ఒకే కప్పు కింద నడిచే చోట కూర్చోబెడుతున్నారు. ఎక్కడెక్కడ పని చెడుతుందో, ఎందుకు చెడుతుందో ఆ ఆఫీసుల్లో రోజూ చూసే మాలాంటివాళ్లు చెప్పకపోతే యాజమాన్యాలకు తెలిసే దారి లేదు.

ఈ ఉద్యోగంలో సగానికి పైగా పని, టైంటేబుల్‌లో కనబడని సమయాన్ని లెక్కకట్టడమే. రంగు ఆరాలి, మట్టి ఎండాలి, మట్టి వస్తువులు కాల్చే బట్టీ చల్లారాలి, పియానో శ్రుతి చేయాలి, పాడబోయే మనిషి గొంతు సవరించుకోవాలి. వీటిలో ఏదీ క్యాలెండర్‌లో గడి కట్టుకుని కూర్చోదు. తేదీలు ఖరారు చేసే సమావేశంలో వీటి గురించి అడిగేవారు లేకపోతే, ఆ తేదీలు కాగితం మీద మాత్రమే నిలుస్తాయి.

ప్రవేశాల ఆడిషన్లే తీసుకోండి. ఒక్కొక్కరికి 15 నిమిషాలు అనుకుని గంటకు నలుగురిని వేస్తారు. అభ్యర్థి లోపలికి రావడానికి, స్టాండు ఎత్తు సరిచేసుకోవడానికి, వెళ్లిపోయాక పరీక్షకులు మార్కులు, రెండు వాక్యాల అభిప్రాయం రాయడానికి కలిపి మరో ఐదు నిమిషాలు కచ్చితంగా పడుతుంది. అంటే మనిషికి 20 నిమిషాలు, గంటకు ముగ్గురే. ఉదయం 9.30 నుంచి సాయంత్రం 4.30 వరకు ఏడు గంటలు. అందులో భోజనానికి గంట, రెండు విరామాలకు చెరి 15 నిమిషాలు తీసేస్తే మిగిలేది 330 నిమిషాలు. అందులో పట్టేది 16 మంది. అదే 15 నిమిషాల లెక్కన వేస్తే 22 మంది కనబడతారు. వాళ్లకు నిజంగా కావలసింది 440 నిమిషాలు. చివరి పిల్లవాడు దాదాపు రెండు గంటలు కారిడార్‌లో నిలబడి, చేతులు చల్లబడి, భయం పెరిగి లోపలికి వెళ్తాడు. పరీక్షకులూ అప్పటికి అలసిపోయి ఉంటారు. ఆ మార్కు ఆ పిల్లవాడి ప్రతిభకు పడ్డ మార్కు ఎలా అవుతుంది? దీన్ని మేము చిన్న విషయంగా చూడలేం. ఇంత అన్యాయానికీ మూలం ఎక్సెల్ షీట్‌లో ఒక్క గడి.

ఆడిషన్ గదికి ఆనుకుని కాకుండా, రెండు గోడల అవతల సాధనకు ఒక గది ఉండాలి. పక్కవాద్యం వాయించేవారికి గంటన్నర దాటకముందే విశ్రాంతి ఇవ్వాలి. ఆ గంటన్నరలో ఎవరెవరు వస్తారో, ఏ స్వరస్థాయిలో పాడతారో ముందురోజే వారి చేతిలో పెట్టాలి. దరఖాస్తు ఫారంలో 'వాయించబోయే రచన' అని ఒకే గీత వదిలితే పిల్లలు సగం రాస్తారు. రచన పేరు, భాగం, స్థాయి, నిడివి, పక్కవాద్యం కావాలా వద్దా అని ఐదు గీతలు ఉంటే తర్వాత చేయాల్సిన ఫోన్లు చాలావరకు తగ్గిపోతాయి.

గదుల కేటాయింపుకు సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారు. ఉంది, గది ఖాళీగా ఉందో లేదో చెబుతుంది. డ్రమ్స్ క్లాసు పక్కన గాత్రం క్లాసు పెట్టకూడదని చెప్పదు. శిల్పం క్లాసు అయిపోయాక మట్టి తుడిచి బల్లలు సర్దడానికి 20 నిమిషాలు కావాలని, మోడల్‌ను చూసి బొమ్మ గీసే క్లాసుకు బట్టలు మార్చుకునే మరుగు, కిటికీలకు తెరలు, తలుపుకు లోపలి గడియ ఉన్న గదే ఇవ్వాలని చెప్పదు. ఈ షరతులను ప్రతి గది పేరు పక్కన ఒక వరుసలో రాసిపెట్టుకోవడం అసిస్టెంట్ చేయవలసిన మొదటి పని.

శబ్దం సంగతి కూడా టైంటేబుల్‌లోనే తేలాలి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గాలని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. ఆ లెక్కన 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర ఒక్క గంట. చిన్న గదిలో డ్రమ్స్, ట్రంపెట్ నేర్పేటప్పుడు 94 దాటడం పెద్ద వింత కాదు. విద్యార్థి గంట ఉండి వెళ్లిపోతాడు. అదే గదిలో వరసగా నాలుగు క్లాసులు తీసుకునే గురువు చెవుల మాటేమిటి? ఆయన వారపు క్లాసులన్నీ ఒక్కరోజే కుదించేయడం ఆఫీసుకు సౌకర్యంగా ఉంటుంది. కానీ పాడైన వినికిడి తిరిగి రాదు. క్లాసుల మధ్య సిద్ధాంత పాఠమో, ఖాళీ గంటో వేయాలి.

ఇక బట్టీ. ఆఫీసుకు అన్నిటికంటే తక్కువ తెలిసిందీ, అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేదీ ఇదే. 28వ తేదీన ప్రదర్శన అనుకుందాం. '20లోగా వస్తువులు ఇవ్వండి' అని నోటీసు పెడతారు. ఇప్పుడు వెనక నుంచి లెక్క వేయండి. బల్లలు అమర్చి, చీటీలు అంటించడానికి 26, 27 పోతాయి. గ్లేజు, అంటే గాజులాంటి పూత, పూశాక చేసే రెండో కాల్పు వస్తువులు బట్టీలోంచి 25న బయటికి రావాలి. అంటే 23 ఉదయం బట్టీ వేయాలి, 24 అంతా చల్లారనివ్వాలి. గ్లేజు పూయడానికి 21, 22. తొలి కాల్పు వస్తువులు 20న చేతికి రావాలంటే బట్టీ 18న వేయాలి. దానికి ముందు మట్టి పూర్తిగా ఎండాలి. సన్నటి గిన్నెకు వారం, మందపాటి శిల్పానికి రెండు వారాలు, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. అంటే విద్యార్థి చేతి పని 3వ తేదీకే ముగియాలి. ఒక విడతలో అందరి వస్తువులూ పట్టకపోతే ఒక్కో కాల్పుకు మరో మూడు రోజులు కలపాలి. అప్పుడు గడువు ముందు నెల చివరి వారంలో పడుతుంది. నోటీసులో వేసిన 20కీ దీనికీ పొంతనే లేదు.

గడువు తప్పు పడితే హడావిడి మొదలవుతుంది. పైకి ఎండినట్టు కనిపించే మట్టిలో ఇంకా తడి ఉంటుంది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ తడి ఆవిరై, బయటికి పోయే దారి లేక వస్తువును పేల్చేస్తుంది. ఆ పెంకులు పక్కవాళ్ల వస్తువుల మీద, హీటింగ్ కాయిల్స్ మీద పడతాయి. చల్లారకముందే తలుపు తెరిస్తే మరో నష్టం. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ పరిమాణం ఒక్కసారిగా మారుతుంది. అక్కడ వేడి నిదానంగా దిగాలి. ఆ తర్వాత కూడా చల్లగాలి తగిలితే గ్లేజు నెర్రెలు బారుతుంది, గోడ చీలుతుంది. 100 డిగ్రీల లోపు దిగేదాకా తెరవకూడదన్న నియమాన్ని బట్టీ తలుపు మీదే రాసి ఉంచాలి. ప్రిన్సిపాల్ అడిగినా తెరవనని చెప్పే ధైర్యం బట్టీ చూసుకునేవారికి ఆఫీసు వైపు నుంచి అందాలి. విడి కరెంటు లైను లేని పాత భవనాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. బట్టీ వేసిన రోజే రంగస్థలం దీపాలన్నీ వెలిగించి రిహార్సల్ పెడితే బ్రేకర్ పడిపోయి కాల్పు మధ్యలో ఆగుతుంది. కాబట్టి బట్టీ తేదీలు, నాటక రిహార్సళ్లు ఒకే క్యాలెండర్‌లో ఉండాలి.

కొనుగోళ్లలో ఆఫీసు పద్ధతి ఒక్కటే: కావలసిన వస్తువుల జాబితా, అంటే ఇండెంట్ వస్తుంది, మూడు కొటేషన్లు తెప్పిస్తారు, తక్కువ ధరకు ఆర్డర్ ఇస్తారు. ఇండెంట్‌లో 'తెలుపు రంగు, 20 ట్యూబులు' అని మాత్రమే ఉంటే ఏ తెలుపు వస్తుందో దేవుడికే ఎరుక. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో పిగ్మెంట్ కోడ్ ఉంటుంది. పీడబ్ల్యూ 6 అంటే టైటానియం, పీడబ్ల్యూ 4 అంటే జింకు, పీడబ్ల్యూ 1 అంటే సీసం. సీసపు తెలుపు విషం, పిల్లల క్లాసులోకి రాకూడదు. అలాగే పేరు చివర 'హ్యూ' అని ఉన్న క్యాడ్మియం ఎరుపులో క్యాడ్మియం ఉండదు. పిల్లలకు అదే మేలు. పెద్ద తరగతుల గురువు అడిగింది మాత్రం అది కాకపోవచ్చు. నీటిరంగుల కాగితానికి గ్రాముల బరువు రాయకపోతే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) బదులు పల్చటిది వస్తుంది. తడి తగలగానే అది అలలు తేలుతుంది, క్లాసు మొత్తం పాడవుతుంది. కోడ్, బరువు, కొలత లేని ఇండెంట్‌ను వెనక్కి పంపే అధికారం అసిస్టెంట్‌కు ఉండాలి.

వచ్చిన ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకోవాలి. అందులో 16 విభాగాలుంటాయి. 4వది ప్రథమ చికిత్స, 5వది మంటలు ఆర్పడం, 7వది నిల్వ, 8వది రక్షణ సామగ్రి. ఈ నాలుగు విభాగాల నకలు ఆ వస్తువు వాడే గదిలోనే ఉండాలి. ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉన్న షీటు, కంట్లో టర్పెంటైన్ పడ్డ పిల్లకు పనికిరాదు.

అవిసె నూనె అంటిన గుడ్డపీలికల గురించి విడిగా చెప్పాలి. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం. ఆ చర్యలో వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలోంచి వేడి బయటికి పోతుంది. ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వేడి లోపలే పేరుకుని, అగ్గిపుల్ల లేకుండానే గంటల తర్వాత అంటుకోవచ్చు. అది సాధారణంగా భవనం తాళం వేశాకే జరుగుతుంది. దానంతట అదే మూసుకునే మూత ఉన్న ఇనుప డబ్బా ప్రతి చిత్రలేఖనం గదిలో ఉండాలి, దాన్ని ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి. డబ్బా కొనడం తేలిక. రోజూ ఖాళీ చేసే మనిషి ఎవరు, ఆ మనిషి రానిరోజు ఎవరు అన్నది రాతలో ఉండేలా చూడటం అసిస్టెంట్ పని.

ఇదే తీరు శుభ్రం చేసే కాంట్రాక్టులోనూ కనిపిస్తుంది. భవనమంతటికీ ఒకే నిబంధనలు రాస్తారు: ఊడ్చాలి, తుడవాలి, మెరుగుపెట్టాలి. మట్టి పని గదిలో పొడి చీపురు పెట్టి ఊడిస్తే సన్నటి సిలికా ధూళి లేచి గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. ఏళ్లకేళ్లు పీల్చినవారి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అక్కడ తడి గుడ్డతో తుడవడమే పద్ధతి. నాట్యం గదిలో మెరుగు పూత వేస్తే కాలు జారి చీలమండ మెలిపడుతుంది. శిల్పం గది సింకులో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ బకెట్ కడిగితే అది గొట్టం లోపలే గట్టిపడుతుంది. నీళ్లలో ఉన్నా ప్లాస్టర్ గట్టిపడుతుందని శుభ్రం చేయడానికి వచ్చేవారికి ఎవరూ చెప్పి ఉండరు. బకెట్ అడుగున మిగిలింది గట్టిపడ్డాక చెత్తలో వేయాలి. దాని ముక్కలు మాత్రం మట్టి తొట్టిలో పడకూడదు. పడితే కాల్చిన వస్తువు తర్వాత ఆ చోట పెచ్చు లేస్తుంది. కాంట్రాక్టుకు గదివారీగా ఒక పేజీ అనుబంధం చేరిస్తే ఈ నష్టాలన్నీ ఆగుతాయి. ఆ పేజీ రాయగలిగేది, గదులన్నీ తిరిగి చూసిన మనిషే.

వాద్యాల రిజిస్టర్‌లో వయొలిన్ 12 అని రాస్తే చాలదు. సైజు పావు, అర, ముప్పావు, పూర్తి అని తేల్చి రాయాలి. కమానుకు, పెట్టెకు విడి నంబర్లు ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ముందు, వెనక, మెడ, బ్రిడ్జి ఫొటోలు తీసి, తీసుకున్నవారి సంతకం పక్కన తేదీ వేయించాలి. తీగ తెగితే ఎవరు భరించాలి, చెక్క పగిలితే ఎవరు భరించాలి అన్నది ముందే రాసుంటే తల్లిదండ్రులతో గొడవ ఉండదు. కమాను వెంట్రుకలు వదులు చేయకుండా పెట్టెలో పెడితే కర్ర వంపు పోతుందన్న ఒక్క వాక్యం రసీదు వెనక అచ్చు వేయించండి. మరమ్మతులు చాలా తగ్గుతాయి.

పియానోలో 230 దాకా తీగలుంటాయి. వాటి లాగుడు మొత్తం కలిపితే సుమారు 18 టన్నులు. ఆ లాగుడును ప్రధానంగా మోసేది ఇనుప చట్రమే అయినా, తీగల అదురును అందుకునే చెక్క పలక గాలిలోని తేమతో ఉబ్బుతుంది, తగ్గుతుంది. తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే శ్రుతి నిలుస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, ఎండ పడే కిటికీ పక్కన నిలవదు. తబలా, మృదంగం గదిలోనూ ఇదే సంగతి: తేమకు తోలు వదులై శ్రుతి దిగుతుంది. పియానోను గది మార్చాక, కొత్త గాలికి అలవాటు పడేందుకు రెండు వారాలు వదిలి అప్పుడు శ్రుతి చేయించాలి. శనివారం కచేరీ అని శుక్రవారం పియానోను హాల్లోకి తోయించి, సాయంత్రం ట్యూనర్‌ను పిలిస్తే ఖర్చు అవుతుంది కానీ శ్రుతి కుదురుకోదు. ఇంకో మాట. ట్యూనర్‌కు గంటన్నర నుంచి రెండు గంటల నిశ్శబ్దం కావాలి. ఒక తీగకూ మరో తీగకూ మధ్య వచ్చే సన్నటి అదురును చెవితో పట్టుకునే పని అది. పక్క గదిలో క్లాసు ఉంటే చేయలేరు. అందుకని ట్యూనర్ పేరు కూడా టైంటేబుల్‌లో ఒక క్లాసులా వేయాలి.

వాద్యబృందానికి స్వరపత్రాలు అద్దెకు తెస్తే ప్రతుల లెక్క జాగ్రత్త. తీగవాద్యాలవాళ్లు స్టాండుకు ఇద్దరు కూర్చుంటారు. ఒకే భాగం వాయించే 14 మంది వయొలిన్లకు 7 ప్రతులు చాలు. ఊదే వాద్యాలవాళ్లకు మనిషికొకటి కావాలి. గుర్తులు పెన్సిల్‌తోనే పెట్టాలి, తిప్పి పంపేముందు చెరపాలి. చెరపడానికీ ఒక రోజు వేసుకోండి. స్వరకర్త చనిపోయి ఎంతకాలమైనా, ఆ ముద్రణను పరిష్కరించినవారికి హక్కు ఉండవచ్చు. పాతది కదా అని జిరాక్స్ తీయించకూడదు. నాటకానికి అనుమతి రిహార్సల్ మొదలవ్వకముందే చేతిలో ఉండాలి. పోస్టర్ అచ్చయ్యాక అడగడం అంటే, కాదనిపించుకోవడానికి సిద్ధపడటమే.

ప్రదర్శనకు వచ్చే ప్రతి బొమ్మకూ స్వీకరణ పత్రం ఉండాలి. కొలతలు ఎత్తు, వెడల్పు, లోతు వరుసలోనే రాయాలి. ఈ వరుస తిరగబడితే నిలువు బొమ్మకు అడ్డంగా చోటు కేటాయిస్తారు, వేలాడదీసే రోజు గోడంతా మార్చుకోవాలి. వచ్చినప్పటి స్థితి, అంటే మూలలు, గీతలు, ఫ్రేమ్ వదులు, ఫొటోతో నమోదు చేయకపోతే తిప్పి ఇచ్చేటప్పుడు ఎవరి మాట నిజమో తేల్చలేరు. కాగితం మీది బొమ్మలకు, నీటిరంగులకు 50 లక్స్ మించని వెలుతురు చాలు, తైలవర్ణాలకు 200 దాకా పరవాలేదు. తైలవర్ణం చేతికి అంటనంత ఆరడానికే రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. 'నిన్న పూర్తయింది' అన్న బొమ్మను మరో బొమ్మకు ఆనించి పెట్టకండి, రెండూ పోతాయి.

మనుషుల విషయంలో మేము కోరేది తేదీ తప్పని చెల్లింపు. గంటల లెక్కన వచ్చే గురువులు, పక్కవాద్యం వాయించేవారు, మోడళ్లు నెల జీతగాళ్లు కారు. విద్యార్థి రాకపోతే క్లాసు లెక్కా కాదా, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే సగం ఇవ్వాలి అన్నది ఒప్పందంలో ఉండాలి. మోడల్‌కు 20 నిమిషాల భంగిమకు 5 నిమిషాల విశ్రాంతి, క్లాసులో ఫోన్ కెమెరా పూర్తిగా నిషేధం, గది తలుపు మీద ఆ మాట. ఇది గౌరవానికి సంబంధించిన విషయం, బేరం పనికిరాదు.

యాజమాన్యాలకు మా విన్నపం ఇది. కొత్తగా చేరిన మేనేజ్‌మెంట్ అసిస్టెంట్‌ను మొదటి నెలలో ప్రతి విభాగంలో ఒక పూర్తి రోజు కూర్చోనివ్వండి: బట్టీ నింపే రోజు, పియానో శ్రుతి చేసే రోజు, ఆడిషన్ రోజు, ప్రదర్శన గోడల మీంచి బొమ్మలు దించే రోజు. తేదీలు నిర్ణయించే సమావేశానికి ఆ మనిషిని మినిట్స్ రాయడానికే పిలవకండి. తేదీ ఖాయం కాకముందు 'ఇందులో ఏది ఆరాలి, ఏది చల్లారాలి, ఏది బయటి నుంచి రావాలి' అని అడిగే హక్కుతో పిలవండి. మినిట్స్‌లో నిర్ణయం, చేసే మనిషి, తేదీ ఈ మూడూ ఉంటే చాలు, ప్రసంగాలు అక్కర్లేదు. ఉద్యోగం మారేటప్పుడు అప్పగించడానికి ఒక పుస్తకం ఉంచండి. గదుల షరతులు, బట్టీ దశల రోజులు, ట్యూనర్ వచ్చిన తేదీలు, పిగ్మెంట్ కోడ్‌లతో ఇండెంట్ నమూనా, గదివారీ శుభ్రత పేజీ, నూనె గుడ్డల డబ్బా ఖాళీ చేసేవారి పేరు అందులో ఉండాలి. పాతవారు కొత్తవారితో కనీసం రెండు వారాలు కలిసి పనిచేసేలా నియామకం తేదీ వేయండి. వెళ్లిపోయినవారికి ఫోన్ చేసి బట్టీ సంగతి అడిగే పరిస్థితి రాకూడదు.

ఇట్లు,
కళాపాఠశాలల కార్యాలయ ఉద్యోగులు కొందరు